డాక్టర్ వి. శాంత: అడయార్ పాఠం, బస్తర్ అవసరం

భారతదేశంలో క్యాన్సర్ వైద్యాన్ని సామాన్యులకు చేరువ చేసిన వైద్యుల్లో డాక్టర్ వి. శాంత అగ్రగణ్యురాలు. చెన్నైలోని అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో 1955లో చేరిన ఆమె 2021 జనవరి 19న తుదిశ్వాస విడిచే వరకు, అంటే సుమారు 65 ఏళ్లపాటు, అదే సంస్థకు అంకితమయ్యారు. క్యాన్సర్ సోకితే మరణం తప్పదని నమ్మిన కాలంలో ఆ వ్యాధిని తొలిదశలో గుర్తిస్తే నయం చేయవచ్చని చికిత్స ఫలితాలతో నిరూపించారు. డబ్బు లేని కారణంగా ఏ రోగికీ చికిత్స ఆగిపోకూడదన్న సూత్రాన్ని సంస్థ విధానంగా నిలబెట్టారు.

ఆమె సేవాజీవితమంతా చెన్నైలోనే గడిచినా, ఆమె ఎదుర్కొన్న ప్రశ్న ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వంటి ప్రాంతాల్లో నేటికీ సజీవంగా ఉంది. వైద్యశాస్త్రం సాధించిన ప్రగతి ఆస్పత్రికి వందల కిలోమీటర్ల దూరంలో, అడవి మధ్య నివసించే నిరుపేదకు ఎలా అందాలన్నదే ఆ ప్రశ్న.

జననం, విద్య

శాంత 1927 మార్చి 11న చెన్నైలోని మైలాపూర్‌లో జన్మించారు. నోబెల్ బహుమతి గ్రహీతలు సర్ సి.వి. రామన్, సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఆమెకు సమీప బంధువులు. మద్రాసు వైద్య కళాశాలలో 1949లో ఎంబీబీఎస్, 1955లో ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగంలో ఎండీ పూర్తిచేశారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా ఎంపికై, మద్రాసులోని ప్రభుత్వ మహిళా, శిశు ఆస్పత్రిలో ఉద్యోగం పొందారు. ఆనాటి మహిళా వైద్యులకు అది గౌరవప్రదమైన, సురక్షితమైన మార్గం. దానిని కాదని, అప్పుడే ప్రారంభమైన ఒక చిన్న క్యాన్సర్ ఆస్పత్రిని ఆమె ఎంచుకున్నారు.

పన్నెండు పడకలతో ఆరంభం

ఆ ఆస్పత్రి వెనుక మరో మహిళా వైద్యురాలి సంకల్పం ఉంది. మద్రాసు వైద్య కళాశాల నుంచి 1912లో పట్టభద్రురాలై, 1927లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి తన చెల్లెలిని క్యాన్సర్‌కు కోల్పోయారు. ఈ వ్యాధికి ప్రత్యేక ఆస్పత్రి ఉండాలన్న తపన ఆమెలో అప్పుడే మొదలైంది. నయం కాని వ్యాధికి ప్రత్యేక ఆస్పత్రి ఎందుకన్న సందేహాలు ఎదురైనా ఆమె వెనుకాడలేదు. విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ఆధ్వర్యంలో నిధులు సేకరించారు. 1952లో నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1954 జూన్ 18న ఆస్పత్రి ప్రారంభమైంది.

అప్పటికి ఉన్నవి ఒక చిన్న భవనం, 12 పడకలు, కొద్దిపాటి పరికరాలు. ముత్తులక్ష్మీ రెడ్డి కుమారుడు, శస్త్రవైద్యుడు డాక్టర్ ఎస్. కృష్ణమూర్తి ఆ సంస్థకు వైద్యపరమైన సారథి. 1955లో ఆయనతో కలిసిన శాంత మొదటి మూడేళ్లు జీతం తీసుకోకుండా పనిచేశారు. తర్వాత నెలకు రూ. 200 వేతనం, ఆస్పత్రి ఆవరణలోనే నివాసం ఇచ్చారు. ఆ ఆవరణే ఆమెకు జీవితాంతం ఇల్లయింది. 1980లో డైరెక్టర్ బాధ్యతలు చేపట్టి 1997 వరకు కొనసాగారు. అనంతరం సంస్థ అధ్యక్ష స్థానంలో ఉంటూ, తొమ్మిది పదుల వయసులోనూ రోగులకు అందుబాటులో ఉన్నారు.

చికిత్సలో కొత్త పద్ధతులు

వనరులు తక్కువైనా శాస్త్రీయ ప్రమాణాల విషయంలో ఈ సంస్థ రాజీ పడలేదు. కోబాల్ట్-60 రేడియేషన్ చికిత్సను దేశంలో తొలిదశలోనే, 1950ల రెండో భాగంలో అందుబాటులోకి తెచ్చింది. చిన్నారుల క్యాన్సర్లకు ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసిన తొలి సంస్థల్లో ఇదొకటి. శస్త్రచికిత్స, రేడియేషన్, మందులను విడివిడిగా కాక, రోగి స్థితిని బట్టి కలిపి వాడే పద్ధతిపై కృష్ణమూర్తి, శాంత విస్తృతంగా పనిచేశారు. పొగాకు నమలడం వల్ల దేశంలో ఎక్కువగా కనిపించే నోటి క్యాన్సర్‌కు రేడియేషన్‌తోపాటు బ్లియోమైసిన్ ఔషధాన్ని ఇచ్చి సాధించిన ఫలితాలను వైద్య పత్రికల్లో ప్రచురించారు.

1980లలో చిన్నారుల రక్త క్యాన్సర్ చికిత్స మరో కీలక ఘట్టం. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ సహకారంతో రూపొందిన ఎంసీపీ-841 అనే చికిత్సా ప్రణాళికను అడయార్‌తోపాటు ముంబైలోని టాటా మెమోరియల్, దిల్లీలోని ఎయిమ్స్ అమలు చేశాయి. ధనిక దేశాల ఆస్పత్రుల్లో ఉండే సదుపాయాలు లేకపోయినా, ఒక పద్ధతిని క్రమం తప్పకుండా పాటిస్తే మరింత మంది పిల్లలను బతికించవచ్చని ఈ మూడు కేంద్రాల అనుభవం తేల్చింది. రక్త క్యాన్సర్ చికిత్సలో ముఖ్యమైన మెథోట్రెక్సేట్ వెనుక, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో భీమవరానికి చెందిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో సాగిన పరిశోధన ఉండడం తెలుగువారికి గర్వకారణం.

దేశంలో క్యాన్సర్ నిపుణుల కొరతను గుర్తించిన ఈ సంస్థ 1984లో ఆంకాలజీ కళాశాలను స్థాపించి, క్యాన్సర్ వైద్యం, శస్త్రచికిత్సల్లో ఉన్నత స్థాయి కోర్సులు ప్రారంభించింది. భారత వైద్య పరిశోధన మండలి 1980ల ఆరంభంలో చేపట్టిన జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమంలో మద్రాసు తొలి కేంద్రాల్లో ఒకటి. ఏ వయసువారికి, ఏ ప్రాంతంలో, ఏ క్యాన్సర్ వస్తున్నదో లెక్క తేలకుండా నివారణ ప్రణాళిక సాధ్యం కాదన్నది శాంత దృఢ అభిప్రాయం.

పేదలకే పెద్దపీట

అడయార్ సంస్థ లాభాపేక్ష లేని స్వచ్ఛంద సంస్థ. చెల్లించగల వారి నుంచి రుసుము తీసుకుని, చెల్లించలేని వారికి ఉచితంగా లేదా రాయితీపై చికిత్స అందించడం దాని విధానం. ఇక్కడి రోగుల్లో సగానికి పైగా ఈ రెండో కోవకు చెందినవారే. తమిళనాడుతోపాటు ఆంధ్రప్రదేశ్ నుంచి, ముఖ్యంగా నెల్లూరు, చిత్తూరు వంటి సరిహద్దు జిల్లాల నుంచి తరతరాలుగా రోగులు ఈ ఆస్పత్రికి వెళ్తున్నారు. రాయలసీమ, దక్షిణ కోస్తా కుటుంబాలకు అడయార్ అనగానే క్యాన్సర్ ఆస్పత్రి స్ఫురించడానికి కారణం ఇదే.

చికిత్స మధ్యలో ఆగిపోవడం క్యాన్సర్ వైద్యంలో పెద్ద సమస్య. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌నే తీసుకుంటే, రేడియేషన్‌ను సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలపాటు ఇస్తారు. ఆ కాలమంతా రోగి ఆస్పత్రికి దగ్గరలో ఉండాలి. వెంట ఒకరు తోడుండాలి. ఇద్దరి కూలీ పోతుంది. మందు ఉచితమైనా బస, భోజనం, ప్రయాణం ఉచితం కావు. కొంత ఉపశమనం కలగగానే పేద రోగి ఇంటికి తిరిగి వెళ్లిపోవడానికి ఇవే కారణాలు. మళ్లీ వచ్చేసరికి వ్యాధి ముదిరిపోతుంది.

ఈ కారణంగానే శాంత దృష్టి ఆస్పత్రి గోడలు దాటింది. గ్రామీణ వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ, మహిళలకు ముందస్తు పరీక్షలు, పొగాకు వ్యతిరేక ప్రచారం, పొగాకు మాన్పించే కేంద్రం వంటివి సంస్థ కార్యక్రమాల్లో భాగమయ్యాయి. నివారణకు, తొలిదశ గుర్తింపునకు చికిత్సతో సమానమైన ప్రాధాన్యం ఉండాలని ఆమె ప్రభుత్వాలను నిరంతరం కోరారు.

పురస్కారాలు, అస్తమయం

కేంద్ర ప్రభుత్వం ఆమెను 1986లో పద్మశ్రీ, 2006లో పద్మభూషణ్, 2016లో పద్మవిభూషణ్‌తో సత్కరించింది. 2005లో ప్రజాసేవా విభాగంలో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 2021 జనవరి 19న గుండెపోటుతో చెన్నైలో మరణించే నాటికి ఆమె వయసు 93 ఏళ్లు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. పన్నెండు పడకలతో మొదలైన ఆస్పత్రి అప్పటికే వందల పడకలు, పరిశోధన విభాగం, వైద్య కళాశాల గల ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రంగా ఎదిగింది.

సిల్చార్‌కు చేరిన స్ఫూర్తి

అడయార్ పద్ధతి మారుమూల ప్రాంతంలోనూ పనిచేస్తుందనడానికి అస్సాంలోని బరాక్ లోయ నిదర్శనం. అడయార్‌లో క్యాన్సర్ శస్త్రచికిత్స విభాగానికి నేతృత్వం వహించిన డాక్టర్ ఆర్. రవి కణ్ణన్ 2007లో సిల్చార్‌లోని కాఛార్ క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లారు. అక్కడ తేయాకు తోటల కూలీలు, రైతు కూలీలే ఎక్కువగా రోగులు. చికిత్స మధ్యలో మానేస్తున్న వారి ఇబ్బందులను గమనించి, ఉచిత బస, భోజనం, తోడుగా వచ్చిన వారికి తాత్కాలిక ఉపాధి కల్పించారు. ఇళ్లకు వెళ్లి రోగులను పరామర్శించే బృందాలను ఏర్పాటు చేశారు. ఈ కృషికి ఆయనకు 2023లో రామన్ మెగసెసే పురస్కారం దక్కింది. సిల్చార్‌లో ఆయన మొదట పరిష్కరించినవి రోగి దైనందిన జీవితానికి సంబంధించిన ఇబ్బందులే. బస్తర్ విషయంలోనూ ఆలోచించవలసింది అక్కడి నుంచే.

బస్తర్‌లో పరిస్థితి

బస్తర్ డివిజన్‌లో బస్తర్, కాంకేర్, కొండాగావ్, నారాయణ్‌పుర్, దంతేవాడ, బీజాపుర్, సుక్మా అనే ఏడు జిల్లాలున్నాయి. విభజనకు ముందు ఒకే జిల్లాగా ఉన్నప్పుడు దాని విస్తీర్ణం కేరళ రాష్ట్రం కంటే ఎక్కువ. గోండు, మురియా, మారియా, హల్బా, ధుర్వా, దోర్లా తదితర ఆదివాసీ సమాజాలు ఇక్కడ నివసిస్తున్నాయి. దశాబ్దాల సాయుధ ఘర్షణ రహదారుల నిర్మాణంపైనా, ఆరోగ్య కేంద్రాల పనితీరుపైనా తీవ్ర ప్రభావం చూపింది.

డివిజన్ కేంద్రమైన జగదల్‌పుర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నా, ప్రత్యేక క్యాన్సర్ చికిత్స కోసం చాలామంది రాయ్‌పుర్‌లోని ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రానికో, విశాఖపట్నానికో వెళ్లవలసి వస్తోంది. జగదల్‌పుర్ నుంచి రాయ్‌పుర్ సుమారు 300 కిలోమీటర్లు. కేశ్‌కాల్ కనుమ దాటి వెళ్లాలి. లోపలి గ్రామాల వారికి జగదల్‌పుర్ చేరడమే ఒక రోజు పని. దక్షిణాన సుక్మా, బీజాపుర్ సరిహద్దు గ్రామాల ప్రజలు వైద్యం కోసం భద్రాచలం, చింతూరు వైపు రావడం ఎప్పటి నుంచో ఉన్నదే. అందుచేత బస్తర్ ఆరోగ్యం తెలుగు రాష్ట్రాల ఆస్పత్రులకూ సంబంధించిన అంశమే.

జీవనోపాధి మరో అడ్డంకి. వేసవిలో ఇప్పపువ్వు, ఆ తర్వాత తునికాకు సేకరణ ఆదివాసీ కుటుంబాలకు నగదు ఆదాయం తెచ్చే ముఖ్య వనరులు. ఆ కొద్ది వారాల్లో ఇల్లు విడిచి నగరంలో ఉంటే ఏడాది ఆదాయానికే గండి పడుతుంది. ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏటా రూ. 5 లక్షల వరకు ఆస్పత్రి ఖర్చులు లభించినా, ఈ నష్టాన్ని ఆ కార్డు పూడ్చలేదు. గోండి, హల్బీ మాత్రమే తెలిసిన వృద్ధురాలికి నగర ఆస్పత్రిలో తన బాధ చెప్పుకోవడమూ కష్టమే.

పొగాకు అలవాటు ఇంకో ముప్పు. ఛత్తీస్‌గఢ్ గ్రామాల్లో పొగాకు, బెల్లపు మడ్డితో తయారయ్యే 'గుడాఖు' అనే ముద్దను పళ్లకు, చిగుళ్లకు రుద్దుకునే అలవాటు స్త్రీలలోనూ ఉంది. దానిని పళ్లపొడిగా భావించే వారికి నోటి క్యాన్సర్ ప్రమాదం తెలియజేయడం అత్యవసరం.

అందుబాటులో ఉన్న మార్గాలు

ఛత్తీస్‌గఢ్‌కు తనదైన అనుభవం లేకపోలేదు. గ్రామస్థులే ఎంచుకున్న మహిళలను ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దే 'మితానిన్' కార్యక్రమం అక్కడ 2002లోనే మొదలైంది. దేశవ్యాప్త ఆశా వ్యవస్థకు అది ఒక నమూనాగా నిలిచింది. వారపు సంతల్లోనే వైద్య సేవలందించే హాట్ బజార్ క్లినిక్ పథకం 2019 అక్టోబరు 2న ప్రారంభమైంది. బిలాస్‌పుర్ సమీపంలోని గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ వైద్యులు గ్రామీణ పేదలకు క్యాన్సర్ చికిత్స సైతం తక్కువ ఖర్చుతో అందిస్తున్నారు. 30 ఏళ్లు దాటిన వారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల ప్రాథమిక పరీక్షలు జాతీయ కార్యక్రమంలో భాగం.

భారత్‌లో ఏటా సుమారు 14 లక్షల కొత్త క్యాన్సర్ కేసులు నమోదవుతున్నట్లు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 అంచనా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఒక్కటే దాదాపు 80 వేల మంది మహిళల ప్రాణాలు తీస్తోంది. తొలిదశలో పట్టుకోగలిగిన వ్యాధి ఇది. సంతకు వచ్చిన మహిళకు అక్కడే పరీక్ష, అనుమానం ఉంటే మితానిన్ తోడుగా జగదల్‌పుర్ ప్రయాణం, చికిత్స సాగినన్నాళ్లు నగరంలో బస, ఇంటికి వెళ్లాక తిరిగి రావలసిన తేదీని గుర్తుచేసే మనిషి ఉంటే ఆ మరణాల్లో చాలావాటిని ఆపవచ్చు. ఇందులో ఏ ఒక్కటి లోపించినా మిగిలినవి వృథా అవుతాయి.

అడయార్‌లో శాంత ఆరున్నర దశాబ్దాల కృషి చాటినది ఇదే. యంత్రాలు, ఔషధాలు, నిపుణులు ఎంత అవసరమో, పేద రోగి చికిత్సను చివరి రోజు వరకు పూర్తిచేయగలిగే ఏర్పాటు అంతే అవసరం. బస్తర్‌లోని ఒక ఆదివాసీ మహిళ తొలిదశలోనే వైద్యుని వద్దకు చేరి, చికిత్స ముగించుకుని స్వగ్రామానికి తిరిగి వెళ్లగలిగిన రోజే ఆ వైద్యురాలికి అర్థవంతమైన నివాళి.