జేబు పిస్తోలు – గుండు లావు

మనుష్యుడు ఆత్మరక్షణకై జేబులో పిస్తోలు దాచుకొని తిరుగదలచినచో ఆ పిస్తోలు ఎంతటిదై యుండవలెను? అందలి గుండు ఎంత లావుండవలెను? ఈ ప్రశ్న మన తెలుగు ఇండ్లలో తరచుగా వినవచ్చునది కాదు. దొంగల భయము కలిగినపుడు మనము తలుపు గడియను మరొకసారి సరిచూచుకొందుము. మరీ అవసరమైనచో మూలనున్న దుడ్డుకర్రను మంచము చెంతకు చేర్చుకొందుము. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇది రెండు శతాబ్దములకు పైబడిన చర్చ. శాసనసభలు, న్యాయస్థానములు, సైనిక వైద్యులు, పోలీసు అధికారులు అందరును ఇందులో పాల్గొనిరి. ఆయుధవిద్య నేర్పుట మా ఉద్దేశము కాదు. ఈ చర్చ నడచిన త్రోవను శ్రోతల ముందుంచి, దానినుండి చరిత్ర చెప్పు మాటను వినిపింపదలచితిమి.

ముందుగా కొలతల సంగతి. తుపాకి గొట్టపు లోపలి వెడల్పును బోరు అందురు. ఆంగ్ల దేశములలో దానిని అంగుళమున నూరవ వంతులలో లెక్కింతురు. .45 బోరనగా అంగుళమును నూరు భాగములు చేసినచో అందు 45 భాగములు; సుమారు పదకొండున్నర మిల్లీమీటర్లు. .32 బోరు సుమారు 8 మిల్లీమీటర్లు. ఐరోపావారు నేరుగా మిల్లీమీటర్లలోనే చెప్పుదురు. వారి 9 మిల్లీమీటర్ల గుండు ఈ రెంటికి నడుమ నిలుచును. అనగా చిన్న గుండునకును పెద్ద గుండునకును గల తేడా మూడు మిల్లీమీటర్ల పైచిల్లర. ఇంచుమించు ఒక వడ్లగింజ లావు. ఆ వడ్లగింజ లావును గూర్చియే ఇంత వివాదము నడచినది.

ఆయుధమును దాచి తిరుగుటపై అమెరికాలో చట్టములు చాల తొందరగా పుట్టినవి. 1813లో కెంటకీ, లూసియానా రాష్ట్రములు రహస్యాయుధ ధారణమును నిషేధించినవి. బహిరంగముగా ధరించుట పౌరుషమనియు, దాచి ధరించుట కపటమనియు ఆ కాలపువారి భావన. 1822లో కెంటకీ న్యాయస్థానము తమ రాష్ట్రపు చట్టము చెల్లదని కొట్టివేసెను. ఆ వ్యాజ్యమునకు మూలము పిస్తోలు కాదు; ఒకడు చేత పట్టిన ఊతకర్రలో దాగిన కత్తి!

ఆ పిమ్మట పిస్తోళ్ల యుగము వచ్చెను. 1836లో శామ్యూల్ కోల్ట్ తిరుగుడు గదుల రివాల్వరుపై అమెరికాలో పేటెంటు పొందెను. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ అను పనివాడు అరచేతిలో ఇముడునట్టి పొట్టి పిస్తోళ్లు చేసి పేరు గాంచెను. ఒక్క గుండు మాత్రమే పట్టునట్టి ఆ పిస్తోలు కోటు జేబులో ఉన్నట్లే తెలియదు. 1865 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్ నాటకశాలలో అబ్రహాం లింకన్ వెనుకకు వచ్చిన జాన్ విల్క్స్ బూత్ చేతిలో ఉన్నది అట్టిదే. ఒక్క గుండు చాలినది. మరునాటి ఉదయమున లింకన్ కన్నుమూసెను.

గుండు లావును గూర్చిన అసలు వివాదము ఇరువదవ శతాబ్దపు ఆరంభమున చెలరేగినది. దానిని అర్థము చేసికొనుటకు ఒక్క మనుష్యుని జీవితము చూచిన చాలును. ఆయన థియొడోర్ రూజ్వెల్ట్. 1895 నుండి 1897 వరకు న్యూయార్కు నగర పోలీసు మండలికి ఆయన అధ్యక్షుడు. అంతకుముందు పోలీసులు ఎవరికి తోచిన రివాల్వరు వారు ధరించుచుండిరి. 1896లో .32 బోరు కోల్ట్ రివాల్వరును అందరికి ఒకే ఆయుధముగా నిర్ణయించిరి. అంతేకాదు, పోలీసులకు గురి నేర్పు పాఠశాలను కూడ నెలకొల్పిరి. ఆయుధమును ఇచ్చి అభ్యాసమును ఇవ్వకపోవుట వ్యర్థమని ఆనాడే గ్రహించిరన్నమాట.

అయిదేండ్లకు అదే .32 బోరు గుండు రూజ్వెల్ట్ అదృష్టమును మార్చినది. 1901 సెప్టెంబరు 6న బఫెలో నగరపు ప్రదర్శనలో అధ్యక్షుడు మెకిన్లీ ప్రజలతో కరచాలనము చేయుచుండగా, చేతికి రుమాలు చుట్టుకొని వచ్చిన ఒకడు ఆ రుమాలులోని రివాల్వరుతో రెండు మారులు కాల్చెను. మెకిన్లీ వెంటనే మరణింపలేదు. గాయము లోపల కుళ్లి, సెప్టెంబరు 14న ప్రాణము విడిచెను. ఉపాధ్యక్షుడుగానున్న రూజ్వెల్ట్ అధ్యక్షుడాయెను.

అప్పటికి అమెరికా సైన్యము ఫిలిప్పీన్స్ దీవులను ఆక్రమించి, తమ నేలకై పోరాడుచున్న స్థానికులతో యుద్ధము సాగించుచుండెను. దక్షిణ దీవులలోని మోరో యోధులు కత్తి దూసి మీదికి వచ్చునపుడు .38 బోరు రివాల్వరు గుండ్లు తగిలినను ఆగుట లేదని సైనికాధికారులు ఫిర్యాదు చేసిరి. అందుచేత 1904లో జాన్ థాంప్సన్ అను అధికారిని, లూయీ లాగార్డ్ అను సైనిక వైద్యుని పరీక్షకు నియమించిరి. వారు షికాగో పశువధశాలలో పశువుల మీదను, వ్రేలాడదీసిన మానవ శవముల మీదను వివిధ బోరుల గుండ్లు కాల్చి చూచిరి. శవము ఎంత ఊగినదో చూచి గుండు దెబ్బ బలమును అంచనా కట్టిరి! సైనికుని పిస్తోలు గుండు .45 బోరుకు తక్కువ కారాదని వారి తీర్పు. ఆ పరీక్ష శాస్త్రీయత నేటి వారికి సందేహాస్పదమే. అయినను ఆ తీర్పు ఫలితముగా జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .45 బోరు కోల్ట్ పిస్తోలు 1911లో సైన్యమునకు అధికారికాయుధమై 1985 వరకు నిలిచెను. ఆ నివేదికలోనే, పెద్ద గుండైనను ప్రాణస్థానమునకు తగలనిచో శత్రువును వెంటనే నిలుపజాలదని కూడ వారు హెచ్చరించియుండిరి. లోకము మొదటి మాటను పట్టుకొని రెండవ మాటను విడిచిపెట్టెను.

ఆ రెండవ మాటకు సాక్ష్యము మరల రూజ్వెల్టే. 1912 అక్టోబరు 14న మిల్వాకీ నగరములో ఎన్నికల సభకు బయలుదేరుచుండగా ఒకడు .38 బోరు రివాల్వరుతో ఆయన రొమ్మున కాల్చెను. కోటు జేబులో మడచియుంచిన ఏబది పుటల ఉపన్యాస ప్రతియు, కళ్లద్దముల ఉక్కు పెట్టెయు గుండు వేగమును తగ్గించినవి. ఆయన నెత్తుటి చొక్కాతోనే వేదిక నెక్కి గంటకు పైగా ఉపన్యసించి, ఆ తరువాతనే వైద్యుల కడకు వెళ్లెను. ఆ గుండు ఆయన దేహములోనే 1919లో మరణించువరకు ఉండిపోయెను. మెకిన్లీని బలిగొన్నది .32, దానికంటె పెద్దదైన గుండు రూజ్వెల్టును ఒక సాయంకాలమైనను మౌనముగా ఉంచలేకపోయెను. ఇక లావు మాట ఏమి?

ఇటు గుండు పెరుగుచుండగా అటు పిస్తోలు చిన్నదగుచుండెను. ఆ బ్రౌనింగే జేబు పిస్తోళ్లకును గురువు. 1903లో వచ్చిన ఆయన .32 బోరు కోల్ట్ జేబు పిస్తోలుకు, తీయునపుడు గుడ్డకు తగులుకొనకుండ సుత్తిని లోపలనే దాచిరి. 1908లో .380 బోరు తూటా వెలువడెను. వెడల్పున అదియు 9 మిల్లీమీటర్లదే గాని పొట్టిది, బలము తక్కువది. కోటులో ఇముడు పిస్తోలునకు సరిపడునట్టిది. 1914 జూన్ 28న సరయేవో నగరములో ఆస్ట్రియా యువరాజు ఫ్రాన్జ్ ఫెర్డినాండును, ఆయన భార్య సోఫీని గవ్రిలో ప్రిన్‌సిప్ కాల్చినది ఆ తూటాలతోనే. రెండు గుండ్లు, రెండు మరణములు, వెనువెంట ప్రపంచయుద్ధము.

ఇక ఆధునిక కాలము. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎనిమిదిమంది ఎఫ్.బి.ఐ. అధికారులు ఇద్దరు బ్యాంకు దోపిడీదారులను చుట్టుముట్టిరి. మొదటనే ఒక దొంగ చేతిగుండ దూసికొనిపోయిన 9 మిల్లీమీటర్ల గుండు గుండెకు ఒక అంగుళము దూరమున ఆగిపోయెను. ప్రాణాంతకమైన ఆ గాయముతోనే వాడు పోరాడుచు ఇద్దరు అధికారులను చంపెను. మరి అయిదుగురు గాయపడిరి. తప్పు గుండుదని నిశ్చయించి ఎఫ్.బి.ఐ. పెద్దదియు బలమైనదియు అగు 10 మిల్లీమీటర్ల తూటాను స్వీకరించెను. అది చేతిని వెనుకకు తన్ను ధాటికి చాలమంది తట్టుకొనలేకపోయిరి. దాని బలమును తగ్గించిరి. తగ్గించిన బలమునకు అంత పొడవు తూటా ఎందుకని 1990లో.40 బోరు వచ్చెను. దేశమంతట పోలీసులు దానిని ధరించిరి. తుదకు 2014లో ఎఫ్.బి.ఐ. శిక్షణ విభాగమే మరల 9 మిల్లీమీటర్ల గుండే మేలని తేల్చెను. గుండ్ల నిర్మాణము మెరుగైనదనియు, పిస్తోలు గుండ్లు చేయు గాయములలో చెప్పదగిన భేదము లేదనియు, తన్ను తక్కువగుటచే గురి కుదురుననియు దాని వాదము. కాల్పుల వేళ పోలీసులు ప్రయోగించు గుండ్లలో నూటికి 70 నుండి 80 వరకు గురి తప్పుచున్నవని కూడ అందు చెప్పిరి. శిక్షణ పొందినవారి గతియే ఇట్లుండగా, కంగారులో జేబు వెదకుకొను గృహస్థుని సంగతి వేరే చెప్పవలెనా?

చట్టమును కూడ ఇట్లే అటునిటు ఊగెను. సైన్యము .45 పిస్తోలును స్వీకరించిన 1911లోనే న్యూయార్కు రాష్ట్రము, దాచదగిన తుపాకులకు అనుమతిపత్రము తప్పనిసరి చేయు సల్లివాన్ చట్టమును తెచ్చెను. 1987లో ఫ్లోరిడా, అర్హులెల్లరకు రహస్యధారణకు అనుమతి నీయవలెనని శాసించినది. అనేక రాష్ట్రములు దానిని అనుసరించినవి. 2022లో సుప్రీముకోర్టు, ప్రత్యేక కారణము చూపినగాని అనుమతి లేదన్న న్యూయార్కు నియమమును రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసెను.

మన దేశపు కథ వేరు. ఇక్కడ బోరును ఎన్నుకొనువాడు కొనుగోలుదారు కాదు, శాసనము. 1878 నాటి ఆయుధ చట్టముతో ఆంగ్ల ప్రభుత్వము భారతీయుల చేతినుండి ఆయుధములను తొలగించెను. స్వతంత్ర భారతము 1959లో క్రొత్త చట్టము చేసికొనినను లైసెన్సు కట్టుబాటును సడలింపలేదు. 9 మిల్లీమీటర్ల వంటి సైనిక, పోలీసు బోరులు సామాన్య పౌరులకు నిషిద్ధములు. అందుచేతనే .32 బోరు మన దేశమున లైసెన్సుదారుల బోరాయెను. 2014లో కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారము స్త్రీల కొరకని ‘నిర్భీక్’ అను తేలిక రివాల్వరును వెలువరించినపుడు కూడ అది .32 బోరుదే. బరువు సుమారు అర కిలో. ధర లక్ష రూపాయలకు పైమాట. భయముతో వీధిలో నడచు పేదయింటి ఆడపడుచుకు అది ఏపాటి ధైర్యమిచ్చునని ఆనాడే పలువురు ప్రశ్నించిరి.

ఇంతవరకు చెప్పినదానిని ఒకచోట చేర్చి చూతము. లింకను, మెకిన్లీ, సరయేవో దంపతులు – వీరిని చంపిన ఆయుధములన్నియు చిన్నవి, దాచబడినవి. కాని మయామీ అధికారులు, ఫిలిప్పీన్స్ సైనికులు ఎదుటివానిని ఆపలేకపోయిరి. కారణము స్పష్టము. చంపవచ్చినవాడు సమయమును, దూరమును, చోటును తానే ఎన్నుకొనును, ఎదుటివాడు ఏమరియుండును. కాచుకొనువానికి అవేవియు తన చేతిలో ఉండవు. కాబట్టి దాగిన పిస్తోలు కాపాడవచ్చినవానికంటె దాడికి వచ్చినవానికే ఎక్కువగా అక్కరకు వచ్చినదని ఈ చరిత్ర మాకు తోపించుచున్నది. ఆ కొరతను వడ్లగింజ లావుతో పూరింపవలెనని నూరేండ్లుగా చేసిన ప్రయత్నమే ఈ బోరు వివాదము.

1948 జనవరి 30 సాయంకాలము ఢిల్లీలోని బిర్లా భవనపు తోటలో ప్రార్థనకు నడచుచున్న గాంధీమహాత్ముని ఎదుటికి ఒకడు వచ్చి చేతులు జోడించెను. పిమ్మట మూడు గుండ్లు. ఆ ఆయుధము ఇటలీలో చేసిన బెరెట్టా పిస్తోలు; అందలి తూటా, సరయేవోలో ప్రేలిన ఆ .380 బోరు తూటాయే. నాటి రాత్రి ఆకాశవాణిలో నెహ్రూగారి గద్గద కంఠమును విన్నవారు ఎందరో ఆ మాటలను జీవితాంతము మరువలేకపోయిరి. గుండు పెద్దదా చిన్నదా అని ఆ వేళ ఎవరును అడుగలేదు. నమస్కారము చేసిన చేతులు మరుక్షణమున ఏమి తీయునో తెలియకపోవుటయే అందలి ఘోరము. కొలబద్దకు అందునది గుండు లావు మాత్రమే. దాచినవాని మనసు ఏ కొలబద్దకు అందదు.