కుందేళ్ళ పెళ్ళి – బీరువాలో పుస్తకం

ప్రత్యేక సంచికకు "మీ శాఖ చరిత్రలోంచి ఏదైనా రాయండి" అని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. ముప్పై ఏళ్ళకు పైగా గ్రంథాలయాల్లో పనిచేసినవాణ్ణి కనుక అయ్యంకి వెంకటరమణయ్యగారి గురించో, 1914లో బెజవాడలో పుట్టిన గ్రంథాలయ సంఘం గురించో రాస్తాననుకుని ఉంటారు. వాటి గురించి పెద్దలు ఎందరో రాశారు. నేను పిల్లల బొమ్మల పుస్తకాల గురించి, అందులోనూ పెళ్ళి కథల గురించి రాస్తున్నాను. ఇదేం చిన్నపిల్లల వ్యవహారమని పేజీ తిప్పేయవద్దని మిత్రులకు మనవి.

ఈ మధ్య మా మనవడి పెళ్ళి కుదిరింది. అమెరికాలో ఉంటున్న మనవరాలు, తమ్ముడి పెళ్ళికని తన ఐదేళ్ళ కూతుర్ని తీసుకుని వచ్చింది. ఆ పిల్ల ఇంతవరకూ పెళ్ళి చూడలేదు. అందుకని వాళ్ళమ్మ రెండు బొమ్మల పుస్తకాలు కొని తెచ్చి, రోజూ పడుకోబోయే ముందు చదివి వినిపిస్తోంది. పెళ్ళికి ఎవరెవరు వస్తారు, ఎంతసేపు కూర్చోవాలి, మేనమామకు పెళ్ళయితే మనల్ని మరిచిపోతాడా, ఇవీ ఆ పుస్తకాల్లోని సంగతులు.

మా చిన్నతనంలో ఇలాంటి పుస్తకం అవసరమే రాలేదు. పెళ్ళంటే ఐదు రోజులు ఇంట్లోనే జరిగేది. పిల్లలు పందిరి గుంజల చుట్టూ తిరుగుతూ అన్నీ చూసేవారు. తరవాత బొమ్మల పెళ్ళిళ్ళు చేసి, చూసినదంతా మళ్ళీ ఆడుకునేవారు. 1945లో 'బాల', 1947లో 'చందమామ' వచ్చాక అచ్చులో కూడా పెళ్ళిళ్ళు కనిపించాయి. అయితే అవి ఎక్కువగా రాకుమారుడికీ రాకుమారికీ కథ చివర జరిగే పెళ్ళిళ్ళు. పెళ్ళికి వెళ్ళిన పిల్లవాడి కథ కాదు.

ఇంగ్లీషులో ఈ రకం పుస్తకాలకు పాత చరిత్ర ఉంది. 1806లో లండన్‌లో జాన్ హారిస్ అనే ప్రచురణకర్త రెండు పిట్టల పెళ్ళి కథను బొమ్మలతో అచ్చువేశాడు. వచ్చిన అతిథులు తలా ఒక తినుబండారం పట్టుకొస్తారు. అంత సంబరంలోనూ పొరపాటున బాణం తగిలి పెళ్ళికొడుకు చచ్చిపోతాడు! ఆ రోజుల్లో పిల్లలకు అలాంటివి చెప్పడానికి వెనకాడేవారు కాదు కాబోలు.

అసలు సంగతి 1958 నాటిది. గార్త్ విలియమ్స్ అనే ప్రసిద్ధ అమెరికన్ చిత్రకారుడు 'ది రాబిట్స్ వెడ్డింగ్' అనే బొమ్మల పుస్తకం తయారుచేశాడు. ఒక నల్ల కుందేలు, ఒక తెల్ల కుందేలు అడవిలో ఆడుకుంటూ ఉంటాయి. నల్లది మధ్య మధ్య దిగులుగా ఆలోచనలో పడుతుంది. ఎప్పటికీ తెల్ల కుందేలుతోనే కలిసి ఉండాలని దాని కోరిక. చివరికి రెండూ చెవుల్లో పసుపు పూలు పెట్టుకుని పెళ్ళి చేసుకుంటాయి. అడవిలోని జంతువులన్నీ వచ్చి వెన్నెల్లో వాటి చుట్టూ ఆడతాయి. అంతే కథ.

ఈ పుస్తకం మీద 1959లో అలబామా రాష్ట్రంలో పెద్ద గొడవ లేచింది. అప్పుడక్కడ నల్లవారు, తెల్లవారు పెళ్ళి చేసుకోవడం చట్టరీత్యా నేరం. 1901 నాటి రాష్ట్ర రాజ్యాంగంలోనే ఆ నిషేధం ఉంది. నలుపు కుందేలు తెలుపు కుందేలును పెళ్ళాడిందంటే పసివాళ్ళ మనసుల్లో విషం నింపుతున్నారని జాతి వేర్పాటువాదుల పత్రిక రాసింది. ఎడిన్స్ అనే రాష్ట్ర సెనేటరు ఇలాంటి పుస్తకాలను తగలబెట్టాలన్నాడు. పాత చైనా చిత్రాల్లో నల్ల గుర్రాలు, తెల్ల గుర్రాలు పక్కపక్కన అందంగా ఉంటాయని, అది చూసే కుందేళ్ళను అలా వేశానని, ఇందులో రాజకీయమేమీ లేదని విలియమ్స్ మొత్తుకున్నాడు.

అప్పుడు అలబామా రాష్ట్ర గ్రంథాలయ విభాగానికి అధిపతి ఎమిలీ రీడ్ అనే ఆవిడ. ఊరూరి గ్రంథాలయాలకు పుస్తకాలు అరువిచ్చే విభాగం అది. దాని బడ్జెట్టు శాసనసభ్యుల చేతిలో ఉంది. ఉద్యోగం చేసిన మనందరికీ ఆవిడ ఇబ్బంది వేరే చెప్పనక్కరలేదు. ఆవిడ ఆ పుస్తకాన్ని బయటి అరలోంచి తీసి ప్రత్యేక అరలో పెట్టించింది. కానీ పుస్తకాన్ని తొలగించడానికి ఒప్పుకోలేదు. ఏ ఊరి గ్రంథపాలకుడు అడిగినా ఇస్తామని బహిరంగంగానే చెప్పింది. అదే ఏడాది మార్టిన్ లూథర్ కింగ్ పుస్తకం మీద కూడా రగడ వచ్చింది. ఆవిడ రాజీనామా చేయాలన్నారు. ఆవిడ వెంటనే తలవంచలేదు. 1960లో వాషింగ్టన్‌లో మరో ఉద్యోగానికి వెళ్ళింది.

ఈ చరిత్ర నేను పదవీ విరమణ చేసిన తరవాత చదివాను. చదివిన రాత్రి నిద్రపట్టలేదు. ఎందుకో ఇప్పుడు చెబుతాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

1980ల మొదట్లో నేనొక చిన్న ఊళ్ళో శాఖా గ్రంథాలయంలో ఉండేవాణ్ణి. కొత్త పుస్తకాల్లో పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి వచ్చింది. ఇద్దరు పిల్లలు పిన్ని పెళ్ళికి వెళతారు. కథలో కులం మాట ఎక్కడా లేదు. కానీ బొమ్మల్లో పిన్నిగారిది మేడ, పెళ్ళికొడుకుగారిది కాలువ అవతల పూరిల్లు. పిల్లలు భజంత్రీలనూ లడ్డూలనూ చూశారు. ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషి మాత్రం కాలువను చూశారు. నా బల్ల ముందు నిలబడి, "ఇలాంటివి మా పిల్లల చేతికి ఇస్తున్నావేమిటయ్యా?" అన్నారు. కేకలు వేయలేదు. కాగితం రాసి ఇవ్వలేదు. ఆయన గుమ్మం దిగకముందే నేను ఆ పుస్తకాన్ని పాత రిజిస్టర్లు పెట్టే బీరువాలో పెట్టి తాళం వేశాను.

తరవాత ఎనిమిదేళ్ళ పాప ఒకతి మూడుసార్లు వచ్చి అడిగింది, "సార్, ఆ పెళ్ళి పుస్తకం వచ్చిందా?" అని. మూడుసార్లూ "ఎవరో తీసుకెళ్ళారమ్మా" అన్నాను. నాలుగోసారి ఆ పాప అడగలేదు. నాకు బదిలీ అయినప్పుడు తాళంచెవులు అప్పగించాను గాని, బీరువాలో ఆ పుస్తకం ఉందని తరవాతివారికి చెప్పలేదు.

ఎమిలీ రీడ్ కూడా పుస్తకాన్ని లోపలే పెట్టింది కదా, నేను చేసిందీ అదే కదా అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కానీ తేడా ఉంది. ఆవిడ పెట్టిన చోటు అందరికీ తెలుసు. అడిగితే ఇచ్చేది. నేను పెట్టిన చోటు నాకొక్కడికే తెలుసు. అడిగిన పిల్లకు అబద్ధం చెప్పాను. పుస్తకాలున్నది వాడుకోవడానికేనని రంగనాథన్‌గారు 1931లోనే సూత్రీకరించారు. ఆ సూత్రం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను.

చరిత్ర మాత్రం ఆగలేదు. 1967లో అమెరికా సుప్రీంకోర్టు, జాతులు వేరని పెళ్ళిళ్ళను నిషేధించే చట్టాలు చెల్లవని తీర్పిచ్చింది. అలబామా రాజ్యాంగంలోని ఆ వాక్యం తీసెయ్యడానికి మాత్రం 2000 సంవత్సరంలో ప్రజల ఓటు కావలసివచ్చింది. అప్పుడు కూడా సుమారు 40 శాతం మంది వద్దన్నారు.

గొడవలూ ఆగలేదు. 2008లో శారా బ్రానెన్ రాసిన 'అంకుల్ బాబీస్ వెడ్డింగ్' వచ్చింది. మామయ్య పెళ్ళి చేసుకుంటే తనకు దూరమైపోతాడేమోనని దిగులుపడే క్లోయీ అనే పిల్ల కథ. మామయ్య పెళ్ళాడేది మరో మగవాణ్ణి. మన తరం వారిలో చాలామందికి ఇది మింగుడుపడదని నాకు తెలుసు. ఆ ఏడాదే కొలరాడోలో ఒక పాఠకురాలు అభ్యంతరం చెబితే, అక్కడి గ్రంథాలయాధికారి జేమీ లారూ పుస్తకం చదివి, ఎందుకు అరలోనే ఉంచుతున్నారో మర్యాదగా ఉత్తరం రాశారు. ఇదే పుస్తకం మేరీలాండ్ పాఠశాలల వ్యాజ్యంలోకీ వచ్చింది. ఇలాంటి కథలు తరగతిలో చదివేటప్పుడు తమ పిల్లల్ని బయట ఉంచుకునే వీలు మతవిశ్వాసం గల తల్లిదండ్రులకు, కేసు తేలేవరకు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 జూన్‌లో 6–3 మెజారిటీతో చెప్పింది.

ఎవరి పక్షం న్యాయమో తేల్చడం నా ఉద్దేశం కాదు. తన బిడ్డ ఏం చదవాలో తల్లి చూసుకుంటుంది. అందరి బిడ్డలూ ఏం చదవకూడదో నిర్ణయిస్తామనేవారికి మాత్రం గ్రంథపాలకుడు జవాబు చెప్పాలి. లారూగారు ఉత్తరంలో చెప్పారు. ఎమిలీ రీడ్ శాసనసభ్యుల ఎదుట చెప్పింది. నేను బీరువా తాళంతో సరిపెట్టాను.

మొన్న రాత్రి మా మునిమనవరాలు పుస్తకం మూసి, "పెద్ద తాతయ్యా, పెళ్ళిలో నేనెక్కడ కూర్చోవాలి?" అని అడిగింది. ఆ పిల్లకు కావలసింది అదొక్కటే. "నా పక్కన కూర్చో తల్లీ, అంతా కనబడుతుంది" అన్నాను.

ఆనాటి పాపకు ఇప్పుడు యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. ఈ సంచిక ఆమె కంటపడే అవకాశం తక్కువే. అయినా రాస్తున్నాను. ఆ పుస్తకాన్ని ఎవరూ తీసుకెళ్ళలేదమ్మా. అది నా దగ్గరే ఉంది.