సెరాంపూర్ ఆశయం – మాతృభాషలో ఉన్నత వేదాంత విద్య

ఉన్నత వేదాంత విద్య ఏ భాషలో జరగాలి? పరిశోధన ఎవరి కొరకు? ఈ ప్రశ్నలు మన తరంలో క్రొత్తగా పుట్టినవి కావు. బెంగాల్‌లో డెన్మార్క్ వారి స్థావరమైన సెరాంపూర్‌లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ 1818లో కళాశాల స్థాపించినప్పుడే వీటిని గూర్చి ఆలోచించారు.

వారి ప్రణాళికలో రెండు అంశాలు గమనార్హం. మొదటిది భాష. విద్యార్థి ముందుగా తన మాతృభాషలోను, సంస్కృతంలోను పాండిత్యం సంపాదించాలి. పాశ్చాత్య విజ్ఞానం కూడ దేశభాషల ద్వారా అందాలి. ఆంగ్లం ఎంపికైన కొద్దిమందికి ఉద్దేశింపబడింది. రెండవది సంభాషణ. ప్రారంభ దశలోని 37 మంది విద్యార్థులలో 19 మంది క్రైస్తవులు, మిగిలినవారు క్రైస్తవేతరులు. కులం, వర్ణం, దేశం ప్రవేశానికి ఆటంకం కారాదని 1833 నాటి నిబంధనలు నిర్దేశించాయి. పొరుగువాని గ్రంథాలను ఎరిగినవాడే సువార్తను అతనికి అర్థమగునట్లు వివరించగలడని స్థాపకుల తలంపు.

ఈ ఆశయంతో తెలుగువారికి సంబంధం కలదు. కేరీ రచించిన తెలుగు వ్యాకరణం 1814లోను, తెలుగు క్రొత్త నిబంధన 1818లోను సెరాంపూర్ ముద్రణాలయం నుండి వెలువడ్డాయి.

1827లో డెన్మార్క్ రాజు ఆరవ ఫ్రెడరిక్ రాజశాసనం ద్వారా కళాశాలకు పట్టాలిచ్చే అధికారం ప్రసాదించాడు. 1845లో సెరాంపూర్ బ్రిటిష్ వారి వశమైనను ఆ హక్కు నిలిచింది. అయితే తొలి బి.డి. పట్టాలు 1915లో గాని ఇవ్వబడలేదు. 1918 నాటి చట్టం సెనెట్‌కు రూపమిచ్చింది. ఈ మధ్యకాలంలో దేశ విద్యావిధానం మారిపోయింది. 1835 నుండి ప్రభుత్వం ఆంగ్ల విద్యను ప్రోత్సహించింది. 1857లో ఏర్పడిన విశ్వవిద్యాలయాలు ఆ మార్గాన్నే స్థిరపరిచాయి. బి.డి. స్థాయి వేదాంత విద్యలోను ఆంగ్లమే ప్రధానమైంది. ఈ విధంగా పట్టాలిచ్చే హక్కు సురక్షితంగా మన వరకు వచ్చింది గాని, ఆ హక్కును కోరినవారి భాషాశయం వెనుకబడింది.

ఆంగ్లం వలన కలిగిన మేలు కాదనలేము. వివిధ ప్రాంతాల విద్యార్థులు ఒకే తరగతిలో కూర్చుని చదువగలిగారు; ప్రపంచ వేదాంత సాహిత్యం అందుబాటులోకి వచ్చింది. అయితే ఆంగ్లంలో నేర్చినదానిని ఆదివారం తెలుగులో చెప్పవలసిన భారం సంఘకాపరి ఒక్కనిపై పడింది. ఆంగ్లంలో వ్రాసిన సిద్ధాంత గ్రంథం, అది ఏ సంఘాన్ని గూర్చి వ్రాయబడిందో ఆ సంఘానికే చేరకపోవచ్చు.

కావున పరిశోధనా గ్రంథంతో పాటు దాని సారాంశం తెలుగులో సమర్పించుట, సంఘాల మినిట్సు పుస్తకాలను, పురుషోత్తమ చౌదరి కీర్తనలను, వేమన పద్యాలను పరిశోధనకు ఆధారాలుగా స్వీకరించుట మన కళాశాలలు ఆలోచించదగిన విషయాలు. వీటికి క్రొత్త అనుమతి పత్రాలు అవసరం లేదు. సెరాంపూర్ స్థాపకులు ఆశించిన విద్యకు ఇవి తొలి మెట్లు కాగలవు.