అమరావతి శిలలు – పారిస్ ప్రదర్శన ఫొటోలు

నా పూర్వవిద్యార్థి ఒకడు మొన్న డిజిటల్ ఫొటోలతో వచ్చినాడు. అమరావతి మహాచైత్యపు దిబ్బ దగ్గర తీసినవట. ప్రదర్శనకు పంపవలెనని రంగులకు మెరుగుపెట్టి, అంచులు కత్తిరించి సిద్ధపరచినాడు. "ఈ రాయి ఎంత పొడుగురా?" అంటే చెప్పలేకపోయినాడు. పక్కన నిలిచిన మనిషిని కత్తిరించివేసినాడు మరి! అప్పుడు వానికి చెప్పిన కథనే ఇక్కడ వ్రాస్తున్నాను.

అమరావతి శిలలను ఆంగ్లేయులు పాలరాళ్ళన్నారు గాని, నిజానికి అవి పలనాటి సున్నపురాళ్ళు. వాటి పాలిటి శాపమూ అదే. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అక్కడ పట్టణం కట్టించిన కాలంలో దిబ్బలోని రాళ్ళు కొన్ని కట్టడాలకూ, కొన్ని సున్నపు బట్టీలకూ పోయినవి. కాలిన్ మెకంజీ దొర 1816 తరువాత చిత్రకారులచేత మిగిలినవాటి బొమ్మలు గీయించినాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి తీసిన శిలలు చెన్నపట్టణం చేరి, ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నవి. 1858లో మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు కెప్టెన్ లినేయస్ ట్రైప్ వాటికి ఫొటోలు తీసినాడు. మరుసటి ఏడు శిలలు ఓడెక్కినవి.

లండనులో వాటికి దక్కిన చోటు ఫైఫ్ హౌస్ అనే భవనపు బండ్లసాల. అక్కడ ఏండ్ల తరబడి ఎవరికీ పట్టలేదు.

1867 పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనకు భారతీయ వాస్తువుల ఫొటోలు సమకూర్చే పని జేమ్స్ ఫెర్గూసన్‌కు వచ్చినది. ఒకప్పుడు బంగాళంలో నీలిమందు వ్యాపారి, తరువాత వాస్తుచరిత్రకారుడు. ఆ వెదుకులాటలో మెకంజీ బొమ్మలు, ట్రైప్ ఫొటోలు కంటబడినవి. వాటి వెంటబడి పోగా, అసలు రాళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నవని తెలిసినది! మన కృష్ణాతీరపు శిల్పాన్ని వెలికితీసినది ఒక కాగితపు ముక్క. తాను చూచిన రాతిని తన దేశంలోనే మరచినవారు ఫొటో చూచి గుర్తుపట్టినారు. ఇది తలచుకొంటే నాకు నవ్వూ, ఉక్రోషమూ కలిసి వస్తవి.

అటుపై ఆయన చేసిన పనిలోనే మనవానికి పాఠమున్నది. విలియం గ్రిగ్స్ చేత శిలలన్నిటినీ ఒకే కొలతలో ఫొటోలు తీయించినాడు. ఒక కొలత ఉంటేనే ఏ ముక్క ఏ ముక్కకు అతుకుతుందో కాగితంమీద చూడవచ్చును. రాతిమీద చేతులు పెట్టకుండానే కటకటాలను కూర్చే పని అది. ఆ కృషి ఫలం 1868 నాటి వృక్షసర్పపూజా గ్రంథం.

అయితే ఫొటో చెప్పనిది కూడా ఒకటున్నది: రాయి ఎక్కడ నిలిచినదో. ఇలియట్ త్రవ్వకాల వివరాలు చాలవు. లోపలి కంచె అని ఫెర్గూసన్ తలచినది స్తూపపు అడుగుభాగాన్ని పొదిగిన పలకలని, 1880 దశకంలో జేమ్స్ బర్జెస్ తరువాత తేల్చినాడు. మరొకటి, కొన్ని పలకలకు రెండు ముఖాలా చెక్కడమున్నది. పాతది వెనుకకు తిప్పి కొత్తది చెక్కినారు. ముందునుంచి తీసిన ఒక్క ఫొటోకు అది తెలియదు.

శిలలు 1880 ప్రాంతంలో బ్రిటిష్ మ్యూజియం చేరినవి. అమరావతి ఊరు 2022 నుండి పల్నాడు జిల్లాలో ఉన్నది. మావాడు మిరపకల్లాలు దాటుకొని మళ్ళీ అక్కడికి వెళ్ళినాడు. ఈమారు వెంట ఒక మీటరు బద్దనూ, నోటుపుస్తకాన్నీ తీసుకొనిపోయినాడు.