రాగిరేకు, నల్లపలక : బరోక్ పునీతచిత్రములును కంభము సీమయు

మార్కాపురపు పలక నెరుగని తెలుగు విద్యార్థి ఒకప్పుడు అరుదు. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ రాతిశ్రేణికి కంభము పేరే పెట్టినారు. మనము ఓనమాలు దిద్దిన అట్టి నల్లరాయిపైన ఐరోపాలో పునీతుల చిత్రములు రచింపబడినవి. రాగిరేకుపై రచింపబడినవి అంతకంటె పెక్కు. మార్కాపురమునకు ఈశాన్యమున అగ్నిగుండాలయందు రాగిఖనిజమును గలదు. ద్రవ్యము లున్నచోట ఆ చిత్రసంప్రదాయమేల నెలకొనలేదను ప్రశ్న విచారింపదగినది.

1563 డిసెంబరులో ట్రెంటు మహాసభ పునీతుల ప్రతిమలు నిలుపుట యుక్తమని నిర్ణయించిన పిదప కతోలిక దేశములందు భక్తిచిత్రములకు గిరాకి హెచ్చినది. ఇంటనో ప్రయాణముననో దగ్గర నుంచుకొనదగిన చిన్న చిత్రములకు రాగి మిక్కిలి యనుకూలించెను. అది కొయ్యవలె తేమకు ఉబ్బదు, పురుగు పట్టదు, గుడ్డవలె నేత కనబడదు. సాగగొట్టి నునుపుచేసిన రేకును కొంచెము గరుకుపరచి, సీసపు తెలుపును నూనెతో నూరి పలుచగా పూసి, ఆపై వర్ణములు వేసెడివారు. రంగు పట్టుటకై ముందు వెల్లుల్లి రసము రుద్దుటయు కలదు. నూనె లోపలి కింకదు గనుక వర్ణము నిగనిగలాడును. వెంట్రుకవాసి గీతయు చెదరదు. జర్మను చిత్రకారుడు ఆడం ఎల్స్‌హైమర్ (1578–1610) వెండిపూత గల రాగిపై రచించిన పునీత స్తెఫాను మరణచిత్రము ఎడింబరోలో నున్నది. దాని ఎత్తు సుమారు 35 సెంటిమీటర్లే. అంత చోటున ఆకాశమునుండి దిగు కాంతిని, దేవదూతలను, రాళ్లెత్తిన జనమును అతడు ఇమిడ్చినాడు.

రాగియు పలకయు ఒక్కచోట కలిసిన దృష్టాంతము రోమునందలి కియేసా నూవా దేవాలయము. రూబెన్సు మొదట అచ్చటి బలిపీఠమునకు గుడ్డపై చిత్రము వ్రాసెను. వెలుతురు పడి మెరయుటచే అది సరిగా కనబడదయ్యె. అంతట 1608లో పలకరాతిపై మరల రచించెను. నడిమి ఫలకమున ఒక ప్రాచీన మరియమాత చిత్రమును, దానిపై తొలగింపదగిన అండాకారపు రాగిరేకుచిత్రమును అమర్చబడినవి. నల్లరాయి కాంతిని మింగునని మన బడిపిల్లవానికిని తెలియును!

మన దేశమున రాగి అక్షరమునకు అంకితమైనది. దానశాసనము ఆచంద్రార్కము నిలువవలెనన్న రాగిరేకే శరణ్యము. తాళ్లపాకవారు అన్నమాచార్యుల సంకీర్తనములను చెక్కించినదియు రాగిరేకులపైననే. భక్తుని రూపముకంటె వాక్కును నిలుపవలెనను ఆశ అందు కనబడుచున్నది. ఐరోపావారును శాశ్వతత్వమునకే ఆ లోహమును కోరిరి; కాని వారు నిలుపగోరినది ముఖము.

తిరుమల చెంతనే యున్న చంద్రగిరికి, రెండవ వేంకటపతిరాయల సభకు, 1598లో జెసూట్ గురువులు వచ్చిరి. వారిలో ఫ్రాంచెస్కో రిచ్చియో తెలుగు నేర్చెను. తరువాత బర్తొలోమేయో ఫాంతెబోన యను ఇటలీ చిత్రకారుడును రాయల కొలువు చేరెను. హేరాసు గురువు 1927లో ప్రకటించిన ఆరవీటి వంశచరిత్రయందు ఈ వృత్తాంతము కలదు. ఆంధ్రదేశమున కతోలిక చిత్రకళ రాజసభ నెక్కిన ఘట్టమిది.

కంభము సీమకు క్రైస్తవము ప్రబలముగా వచ్చిన త్రోవ వేరు. ఒంగోలు కేంద్రముగా పనిచేసిన అమెరికను బాప్టిస్టులును, నంద్యాల వైపునుండి ఎస్.పి.జి. సంఘమువారును 19వ శతాబ్దిని దానిని వ్యాపింపజేసిరి. ఉభయులును ప్రొటెస్టంటులే. పునీతులను చిత్రముల ద్వారా కొలుచుట బాప్టిస్టుల మతమునకు సరిపడదు. వారికి ప్రధానమైనవి వాక్యము, నీట మునుగు జ్ఞానస్నానము. నల్లమలలో పుట్టి కంభము చెరువును నింపి సాగు గుండ్లకమ్మయందే, దిగువన వెల్లంపల్లి యొద్ద, 1878 జులై 3న ఒక్కదినమున 2,222 మందికి జ్ఞానస్నాన మిచ్చిరి. 1876–78 నాటి కరవు వెన్వెంటనే జరిగిన ఘటన యది. ఖనిజము లభించుట వేరు, దానిపై ఏ రూపమును నిలుపవలెనో నిశ్చయించు మతసంప్రదాయము వేరు. ఈ భేదమును గమనింపక, రాయి యున్నది గనుక చిత్రమును ఉండవలెనని ఊహించుట పొరపాటు.

ఈ సీమలోని మందిరముల చరిత్ర నారయు విద్యార్థులు మరియొకటి గుర్తుంచుకొనవలెను. ప్రకాశము జిల్లా 1970లో ఏర్పడినది. అంతకు ముందు మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లాలోనివి. పాత రికార్డులను ఆ జిల్లా పేరుననే వెదకవలయును.