ఏటా రెండు వేల గుర్రాలు ఏమైపోయాయి?

రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దిగి ఎటు వెళ్లినా అరటి తోటలు, కొబ్బరి తోటలు, కాలవ గట్లు, గట్ల మీద గేదెలు. గుర్రం మాత్రం పెళ్లి ఊరేగింపులోనో, దేవుడి అశ్వవాహనంగానో తప్ప కనబడదు. ఇంత పచ్చిక, ఇన్ని నీళ్లు ఉన్న నేల గుర్రాన్ని ఎందుకు పెంచుకోలేదు? దీనికి జవాబు వెతకాలంటే ఏడు వందల ఏళ్ల కిందటి ఒక లెక్క దగ్గరికి వెళ్లాలి.

ఆ లెక్క మార్కో పోలోది. 1292 ప్రాంతంలో అతను మన తూర్పు తీరం వైపు వచ్చాడు. తమిళ తీరాన మాబర్‌ను ఏలే అయిదుగురు అన్నదమ్ములు ఒక్కొక్కరు ఏటా రెండు వేలకు పైగా అరబ్బు గుర్రాలు కొంటారని, ఏడాది తిరిగేసరికి వాటిలో నూరు కూడా మిగలవని రాశాడు. మరి మిగతావి ఏమైనట్టు?

మొదట అనుమానం వచ్చేది సముద్రం మీద. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఇందుకు సాక్ష్యం. గాలివానకు ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను సుంకం మాత్రమే తీసుకుంటానని అందులో చెప్పాడు. అంటే గుర్రాల ఓడలు తుపానులో చిక్కుకోవడం అరుదేమీ కాదు. విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఇంకా పదునైన సంగతి చెప్పాడు. సాళువ నరసింహరాయలు హోర్ముజ్ గుర్రాలను వెయ్యి పర్దావు నాణేలకు మూడు చొప్పున కొనేవాడట. దారిలో చచ్చినవాటి తోక తెచ్చి చూపినా ధర చెల్లించేవాడట. అయితే పోలో లెక్కలోవి రాజులు కొని కట్టేసుకున్న గుర్రాలు. అవి ఒడ్డెక్కాకే పోయాయి. సముద్రాన్ని వదిలేయాలి.

ఇక మనుషులు. గుర్రం సంగతి తెలిసినవాళ్లు, లాడాలు కొట్టేవాళ్లు అక్కడ లేరని, అమ్మకం సాగాలని వర్తకులే వాళ్లను రానివ్వరని పోలో ఆరోపణ. పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ మరో మాట చేర్చాడు. దిగిన గుర్రాన్ని నలభై రోజులు మేకులకు కట్టి, వేయించిన బార్లీ, నెయ్యి, కాచిన పాలు పెట్టి బలిపిస్తారట, తర్వాత ఒక్కసారిగా అదుపు లేకుండా తోలుతారట. ఇందులో నిజం ఉందని నా నమ్మకం. కానీ పోలోయే ఇంకో వాక్యం రాశాడు, అసలు ముడి అందులోనే ఉంది: మేలుజాతి మగ గుర్రాన్ని, మేలుజాతి ఆడ గుర్రాన్ని కలిపినా పుట్టే పిల్ల కాళ్లు వంకర తిరిగి, ఎక్కడానికి పనికిరాకుండా ఉంటుందట. వర్తకుల కుట్రకు పిల్ల కాళ్లు వంకర పోవు.

అయితే వాతావరణమేనా? గుర్రం వానకు, చలికి భయపడే జంతువు కాదు. సైబీరియాలోని యాకూతియా గుర్రాలు మైనస్ 50 డిగ్రీల చలిలో ఆరుబయటే ఉండి, మంచును గిట్టలతో తవ్వి గడ్డి మేస్తాయి. ఇంగ్లండులో ఎక్స్‌మూర్ పొట్టి గుర్రానికి రెండు పొరల బొచ్చు. పై పొర నీటిని జార్చేస్తుంది, లోపలిది వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. ఎండుగడ్డి పేగుల్లో పులుస్తూ లోపలి నుంచి వేడినిస్తుంది. వానగాలికి గుర్రం పిరుదులు గాలివైపు తిప్పి, తల దించి నిలబడుతుంది. పలచని చర్మం, పొట్టి వెంట్రుకల అరబ్బు గుర్రానికి ఇంత కవచం లేదు. అయినా మన తీరంలో ప్రాణం తీసేంత చలి ఎక్కడిది?

ఇక్కడ దెబ్బ కొట్టేది వేడీ తేమా కలిసి. గుర్రం ఒంటి వేడి తగ్గేది ముఖ్యంగా చెమట ఆరినప్పుడు. ఎడారిలో అది పుట్టగానే ఆరిపోతుంది, డెల్టాలో ఒంటినే అంటుకుని ఉంటుంది. శీతల దేశాల నుంచి ఉష్ణమండలానికి తెచ్చిన గుర్రాల్లో కొన్నిటికి చెమట పట్టడమే ఆగిపోతుందని పశువైద్యులు తర్వాత గుర్తించారు. నేల సంగతి ఇంకా ఘోరం. రోజుల తరబడి బురదలో నానిన గిట్ట మెత్తబడి, అడుగున కుళ్లు పడుతుంది. లాడాలు కొట్టేవాడు లేడన్న పోలో ఫిర్యాదు ఇక్కడ బరువెక్కుతుంది. గిట్ట ఎత్తి చూసేవాడే లేడన్నమాట.

వానతో పాటు జోరీగలు వస్తాయి. గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు 1880లో, నేటి పాకిస్తాన్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో, సర్రా జబ్బు పడిన గుర్రాల నెత్తుట్లో సూక్ష్మజీవిని కనిపెట్టాడు. దాన్ని ఒక పశువు నుంచి మరో పశువుకు మోసేవి కుట్టే ఈగలు. గేదె ఆ జీవిని పైకి పెద్దగా కనిపించకుండా ఒంట్లో మోయగలదు, గుర్రం సాధారణంగా చిక్కి చచ్చిపోతుంది. గేదెల మధ్య గుర్రాన్ని కట్టేయడమంటే ఏమిటో రావులపాలెం రైతుకు వేరే చెప్పక్కర్లేదు.

మరి వంకర కాళ్లు? జవాబు మేతలో ఉందని నేననుకుంటున్నాను. అక్కడ గుర్రాలకు అన్నం, ఉడికిన మాంసం పెడతారని పోలో రాశాడు. బియ్యంలో, మాంసంలో, తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. వరిగడ్డిలోని ఆక్సలేట్లు ఉన్న కాస్త కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వవు. అలాంటప్పుడు ఒళ్లు తన ఎముకల్నే కరిగించుకుంటుంది. తవుడు మేపిన మిల్లర్ల గుర్రాల్లో ఈ జబ్బు యూరప్‌కు బాగా తెలుసు. తల్లి ఎముకే గుల్లబారితే పిల్ల కాళ్లు ఎలా నిలబడతాయి? వరి పండే డెల్టా కావేరిదైనా గోదావరిదైనా మేత ఒకటే.

ఇంతదాకా సరే అనుకున్నా మణిపూర్ అడ్డొస్తుంది. అక్కడి పొట్టి గుర్రాలు భారీ వానల్లో, చిత్తడి నేలల్లోనే మేస్తూ బతికాయి, పోలో ఆట వాటి మీదే పెరిగింది. తేడా ఏమిటంటే అవి అక్కడే పుట్టాయి, కట్టుగొయ్యకు కాకుండా బయట తిరిగి రకరకాల గడ్డి మేశాయి, తరతరాలుగా తట్టుకోలేనివి రాలిపోగా మిగిలిన సంతతి. మన రాజులకు కావలసింది యుద్ధానికి ఎత్తైన గుర్రం. బతికిన ఆ నూరింటి సంతానాన్ని ఏరి పెంచే ఓపిక ఎవరికీ లేదు, ఏటా కొత్త ఓడ వచ్చేది. పొడి నేల ఉన్న భీమా నది ఒడ్డున మరాఠాలు ఆ పని చేసి భీమ్‌థడీ గుర్రాన్ని నిలబెట్టుకున్నారు. కోనసీమకు ఆ అవసరమూ రాలేదు. బరువు ఎద్దులు లాగాయి, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల మీద పడవలు మోశాయి.