దేహశుద్ధి – చిత్తశాంతి : తెలుగునాట యోగాభ్యాస చరిత్ర



గరుత్మంతుని పేరు ధరించిన వైనతేయ గోదావరి సాగరంలో కలిసే తీరానికి చేరువగా వెలసినది మన అల్లవరం. కొబ్బరితోటల నీడలో, కాలువగట్ల వెంట, తరతరాలుగా వేదఘోషా హరినామసంకీర్తనా వినవచ్చిన సీమ ఈ కోనసీమ. ఇక్కడి అగ్రహారాలలో ఉదయసాయంకాలాలు సంధ్య వార్చిన పెద్దలు ఆచమనం తరువాత ప్రాణాయామం చేసేవారు. కనుక యోగం మనకు ఎక్కడినుంచో దిగివచ్చిన కొత్త విద్య కాదు. అది మన ఇంటి అరుగుమీద, చెంబెడు నీళ్ల ప్రక్కన కూర్చుండిన విద్య. అయితే కాలక్రమంలో ఆ ప్రాణాయామం ముక్కు పట్టుకొని విడిచే లాంఛనంగా మిగిలిపోయింది. క్రియ నిలిచింది గాని, దాని ఫలితం మనకు దక్కకుండా పోయింది.

నేడు యోగాన్ని గురించి రెండు విధాలైన మాటలు వినవస్తున్నవి. ‘యోగం సన్యాసులకు గాని సంసారులకు ఎందుకు?’ అనేది ఒకటి. ‘యోగం చేస్తే ఏ రోగమైనా పోతుంది, ఇక మందులెందుకు?’ అనేది రెండవది. మొదటి మాట మనలను మేలుకు దూరం చేస్తుంది. రెండవ మాట ప్రాణానికే ముప్పు తెస్తుంది. ఈ రెండింటికీ సరియైన సమాధానం మన చరిత్రలోనే ఉన్నది.

ముందుగా మూలగ్రంథాన్ని స్మరించుకుందాం. పతంజలి మహర్షి యోగసూత్రాలు సుమారు 195. అందులో ఆసనాన్ని గురించి చెప్పినవి మూడే మూడు. మనస్సులోని అలజడులను నిలుపుటయే యోగమని ఆయన నిర్వచనం. అంతమాత్రాన మహర్షి శరీరాన్ని తృణీకరించాడని అనుకోరాదు. సాధనకు అడ్డువచ్చే తొమ్మిది విఘ్నాలను ఎంచుతూ, అన్నింటికంటె ముందు చెప్పినది వ్యాధి. ఆ విఘ్నాల వెంట వచ్చే లక్షణాలను కూడ ఆయన పేర్కొన్నాడు. దుఃఖము, మనస్సు క్రుంగిపోవుట, అవయవాలు వణకుట, ఉచ్ఛ్వాసనిశ్వాసాలు తొట్రుపడుట అనేవి అవి. గమనించండి! మొదటి రెండు మనస్సుకు చెందినవి, మూడవది దేహానికి చెందినది, నాల్గవది ఊపిరికి చెందినది. ఈ మూడూ ఒకే త్రాటి పేటలని మహర్షి ఎంత క్లుప్తంగా సెలవిచ్చాడో!

ఇక మన తెలుగునేలకు వద్దాం. శ్రీశైల మల్లికార్జునస్వామివారి ఆలయ ప్రాకారపు గోడను శ్రద్ధగా చూచినవారికి ఒక విశేషం కనబడుతుంది. 16వ శతాబ్ది తొలినాటి ఆ శిల్పాల వరుసలలో ఏనుగులు, గుఱ్ఱాలు, శివలీలలతో పాటు సిద్ధులు, క్లిష్టమైన ఆసనాలలో ఉన్న యోగులు దర్శనమిస్తారు. అదే కాలంలో, 1528లో, కృష్ణదేవరాయల ఏలుబడిలో హంపీలో వెలసిన ఉగ్రమూర్తి నరసింహస్వామి విగ్రహానికి మోకాళ్లను చుట్టిన యోగపట్టం ఉన్నది. చాలాసేపు కదలక నిటారుగా కూర్చుండుటకు యోగులు కట్టుకొనే పట్టీ అది. హిరణ్యకశిపుని చీల్చిన ఆ మహోగ్రతేజం కూడ చివరకు యోగాసనంలో కుదుటపడినట్లు శిల్పి భావించాడు. కోపం చల్లారుటకు దారి ఏదో ఆ శిల్పమే మనకు బోధిస్తున్నది.

ఆ తరువాతి శతాబ్దంలో మన తెలుగువారు గర్వించదగిన యోగపండితుడు ఒకడు ప్రభవించాడు. ఆయన శ్రీనివాసయోగి. శ్రీనివాసభట్ట మహాయోగీంద్రుడని కూడ ప్రసిద్ధుడు. ఆయన తెలుగుదేశానికి చెందినవాడని పండితుల నిర్ణయం. 17వ శతాబ్దంలో ఆయన సంస్కృతంలో రచించిన గ్రంథం ‘హఠరత్నావళి’. ఆసనాలు ఎనభైనాలుగు అని పూర్వగ్రంథాలు చెప్పినవే గాని, ఆ పేర్లన్నీ వరుసగా ఇవ్వలేదు. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రచించిన ‘హఠయోగప్రదీపిక’ పదిహేను ఆసనాలను మాత్రమే వివరించింది. ఎనభైనాలుగింటినీ పేరు పేరున చెప్పిన తొలి గ్రంథాలలో హఠరత్నావళి ఒకటి. అందులో 36 ఆసనాలకు వివరణ కూడ ఉన్నది.

దేహశుద్ధి విషయంలో శ్రీనివాసయోగి చూపిన పట్టుదల మరింత గమనింపదగినది. ధౌతి, వస్తి, నేతి, త్రాటకం, నౌళి, కపాలభాతి అని ప్రదీపికలో షట్కర్మలు చెప్పబడినవి. కడుపు, ప్రేగులు, ముక్కు, కన్ను మొదలైన స్థానాలను శుభ్రపరచే క్రియలివి. ఈ ఆరుతో సరిపోదని శ్రీనివాసయోగి వాదించాడు. చక్రి, గజకరణి అనే మరి రెండింటిని చేర్చి ఎనిమిది కర్మలుగా లెక్కించి, ఆరింటితో సరిపెట్టిన స్వాత్మారాముని విమర్శించాడు. పూర్వాచార్యుని పట్ల భక్తి ఉంటూనే, తన అనుభవానికి అందిన లోపాన్ని దాచిపెట్టలేదు. యోగం గ్రుడ్డినమ్మకం కాదనీ, దేహంలో పరీక్షించి చూచుకోవలసిన శాస్త్రమనీ ఇంతకంటె స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఈ గ్రంథం చాలకాలం వ్రాతప్రతులలోనే ఉండిపోయింది. దానిని డాక్టర్ ఎం. వెంకటరెడ్డిగారు పరిష్కరించి, ఆంగ్లానువాదంతో 1982లో వెలువరించారు. ఎక్కడినుంచో తెలుసునా? ఏ మహానగరం నుంచో కాదు. నాటి మన తూర్పు గోదావరి జిల్లాలోని అర్థమూరు గ్రామం నుంచి! తరువాత 2002లో మహారాష్ట్రలోని లోనావ్లా పండితులు మరొక పరిష్కరణను ప్రకటించారు. గోదావరీతీరపు పల్లెటూరు నుంచి వెలువడిన పుస్తకాన్ని నేడు దేశదేశాల యోగపరిశోధకులు ఉదాహరిస్తున్నారు. మన పెరటిలోని మొక్క మనకు మందుగా తోచకపోవడం పాత సంగతే గదా!

ఇక్కడ వేమనయోగిని కూడ తలచుకోవాలి. మనస్సును అదుపు చేయక ఒడలు మాత్రం వంచే యోగాన్ని ఆ మహానుభావుడు మల్లుల సాముకంటె తక్కువగా ఎంచాడు. ఇందులో ఆసననింద లేదు. లోపలి పని లేని పైపని వ్యర్థమనే హెచ్చరిక ఉన్నది. ఈ మాటకు జోడుగా మరొక తెలుగువాని జీవితం చూడండి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు (1882–1942) సాక్షాత్తు మల్లుడే. విజయనగరంలో వ్యాయామశిక్షకులుగా పనిచేసి, పిదప సర్కసు నడిపి, దేశవిదేశాలలో కలియుగభీముడని కీర్తి పొందారు. ఛాతీకి బిగించిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి తెంచేవారు. ఏనుగును ఛాతీపై నిలుపుకొనేవారు. అంతటి బలశాలి తన బలానికి మూలం కండలని చెప్పుకోలేదు. ప్రాణాయామమని చెప్పుకొన్నారు. యోగి సామును ప్రశ్నిస్తే, సాము చేసినవాడు యోగానికి సాక్ష్యం పలికాడు. ఇద్దరి మాటా ఒక్కటే. బలమైనా శాంతియైనా ఊపిరిని వశపరచుకొన్నవానికే దక్కుతుంది.

ఆధునికకాలంలో ఈ విద్యను ప్రయోగశాలకు తీసుకొని వెళ్లినవారు స్వామి కువలయానందులవారు. 1924లో లోనావ్లాలో కైవల్యధామాన్ని స్థాపించి, ‘యోగమీమాంస’ అనే పత్రికను ప్రారంభించారు. ఎక్స్‌రే యంత్రంతో, పీడనం కొలిచే పరికరాలతో ఉడ్డీయానాన్ని, నౌళిని పరీక్షించారు. నౌళి చేసేటప్పుడు పెద్దప్రేగులోని పీడనం బయటి గాలి పీడనంకంటె తగ్గుతుందని, వస్తికర్మలో నీరు పైకి ఎక్కుటకు అదే కారణమని నిరూపించారు. శ్రీనివాసయోగి ఎంతో పట్టుబట్టి చెప్పిన శుద్ధిక్రియల వెనుక ఉన్న యంత్రాంగం ఈ విధంగా వెల్లడైనది. మహిమ అనుకొన్నది ప్రకృతిధర్మమని తేలింది. అందువల్ల దాని విలువ తగ్గలేదు, పెరిగింది.

మరి ఊపిరికీ మనస్సుకూ గల సంబంధం ఏమిటి? కోపం వచ్చినప్పుడు శ్వాస వేగిరపడుతుంది. భయం కలిగినప్పుడు బిగుసుకుంటుంది. నిద్రలో నెమ్మదిస్తుంది. ఇది పసిపిల్లలకు కూడ అనుభవమే. గుండె కొట్టుకొనుటను, జీర్ణక్రియను మనం సంకల్పమాత్రాన మార్చలేము. శ్వాస ఒక్కటి మాత్రం తనంతట తాను నడిచేదీ, మన ఇష్టప్రకారం నడిపించదగినదీ కూడ. అందుకే అది లోపలికి పోవుటకు మనకు ఇచ్చిన ద్వారం. ఊపిరి పీల్చినప్పుడు గుండె కొంచెం వేగిరపడుతుంది. విడిచినప్పుడు నెమ్మదిస్తుంది. దీర్ఘంగా విడిచినకొద్దీ, గుండెకు పగ్గం వేసే వేగస్ నాడి తన పని చక్కగా చేస్తుంది.

పెద్దవారు విశ్రాంతిగా ఉన్నప్పుడు సాధారణంగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తారు. ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయ వైద్యులు, వారి సహచరులు 2001లో ఒక పరిశోధన ప్రకటించారు. 23 మంది ఆరోగ్యవంతులచేత ఒకసారి క్రైస్తవుల జపమాల ప్రార్థనను, మరొకసారి యోగసంప్రదాయపు మంత్రాన్ని పలికించారు. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి ఆరుసార్లకు దిగివచ్చింది. రక్తపీడనాన్ని గమనించి గుండెకు వర్తమానం పంపే సహజవ్యవస్థ మరింత చురుకుగా పనిచేసింది. తీరుబడిగా, స్పష్టంగా, ఒకే లయలో చేసే నామజపం మనస్సునే గాక దేహాన్ని కూడ ఎందుకు కుదుటపరుస్తుందో దీనివల్ల గ్రహించవచ్చు. ఈ మేలుకు కులభేదం లేదు, స్త్రీపురుషభేదం లేదు. ఊపిరి ఉన్న ప్రతివారూ అధికారులే. యోగం సన్యాసులకే గదా అన్నవారికి ఇదే సమాధానం.

ఇక రెండవ మాట. వరినాట్లలో వంగి, కొబ్బరిపీచు పనిలో కూర్చుండి నడుము పట్టేసినవారు మన గ్రామాలలో ఎందరో ఉన్నారు. దీర్ఘకాలపు నడుమునొప్పికి మందులకంటె ముందు ప్రయత్నించదగిన చికిత్సలలో ఒకటిగా యోగాన్ని 2017లో అమెరికా వైద్యుల కళాశాల తన మార్గదర్శకాలలో చేర్చింది. రక్తపోటు తగ్గుటకు, నిద్ర పట్టుటకు, ఆందోళన సడలుటకు కూడ యోగం తోడ్పడుతుంది. తోడ్పడుతుంది అన్నాను గాని, మందుకు బదులు అవుతుందని అనలేదు. రక్తపోటుకూ మధుమేహానికీ మందు వాడుతున్నవారు యోగం మొదలుపెట్టామని వాటిని మానరాదు. మోతాదు తగ్గించవలసినది వైద్యుడే. అధిక రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు ఊపిరి బిగపట్టే కుంభకాన్ని, వేగంగా ఊదే భస్త్రికను విడిచిపెట్టాలి. కంటిలో నీటికాసులు ఉన్నవారు శీర్షాసనం వేయరాదు. ప్రేగు జారినవారికీ, గర్భిణీ స్త్రీలకూ ఉడ్డీయానం, నౌళి తగవు. శుద్ధిక్రియలు ఎవరూ పుస్తకం చూచి స్వయంగా చేయరాదు. గురుముఖంగా నేర్వవలెనని పెద్దలు అన్నది ఇందుకే.

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న జూన్ 21ని అంతర్జాతీయ యోగదినంగా ప్రకటించింది. 2015 నుంచి అది ఏటా జరుగుతున్నది. 2025లో మన విశాఖపట్నం సముద్రతీరాన మూడు లక్షలకు పైగా జనం ఒకేసారి యోగాభ్యాసం చేశారు. చూడముచ్చటైన దృశ్యమే! కాని ఏడాదికొక దినం తిన్న అన్నం ఏడాదంతా ఆకలి తీర్చదు గదా! జూన్ 22 ఉదయం ఎందరు చాప పరచుకొన్నారన్నదే అసలు ప్రశ్న.

భక్తులారా! పెద్ద సాధనలు అక్కరలేదు. తెల్లవారుజామున, కడుపు తేలికగా ఉన్నప్పుడు, చాపమీదనో, మోకాళ్లు వంగనివారు బల్లమీదనో వెన్ను నిటారుగా కూర్చుండండి. పీల్చినదానికంటె విడిచేది కొంచెం దీర్ఘంగా, బలవంతం లేకుండా, పది నిమిషాలు శ్వాసను గమనించండి. ఇష్టదైవనామాన్ని ఆ శ్వాసతో జతపరచండి. సంధ్య వార్చేవారు ప్రాణాయామాన్ని తొందరపడక, అర్థం తెలిసి చేయండి. గీతాచార్యుడు ఉపదేశించిన విధంగా ఆహారంలో, నిద్రలో, పనిలో మితం పాటించండి. నెల తిరిగేసరికి ఇంట్లో మాటకు మాట పెరుగుట తగ్గిందేమో మీరే పరీక్షించుకోండి. దేహం తేలికపడినదనుటకు నడక సాక్షి. మనస్సు తేలికపడినదనుటకు మన ఇంటివారే సాక్షులు.

శ్రీశైలం గోడమీది రాతియోగులు అయిదు వందల ఏండ్లుగా కదలక కూర్చుండి ఉన్నారు. మనలను కోరేది రోజుకు పది నిమిషాలు మాత్రమే. ఆ పాటి స్థిరత్వాన్ని సర్వేశ్వరుడు మనందరికీ అనుగ్రహించుగాక!

స్వస్తి.